ఇప్పపూల కాలంలో టర్బైను ఊపిరి

"నీ మిషను ఏం తింటది బిడ్డా?" అని పుల్లమ్మ కూతురు కవితను అడిగింది.

"గ్యాసు తింటది, గాలి తాగుతదే అవ్వా. తినుడు కొంచెమే. తాగుడే బాగా ఎక్కువ."

"అయితే అచ్చం మీ నాయనే" అన్నది పుల్లమ్మ.

వాకిట్లో ఉన్నవాళ్లమంతా నవ్వాం. చూరు కింద మంచమ్మీద పడుకున్న కవిత నాయన కూడా నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగాడు. వాళ్లు ఇంట్లో మాట్లాడుకునేది కోయ. నా చెవికి అందినంత నేను తెలుగులో రాస్తున్నాను.

దమ్మపేట దాటి అడవి మొదలయ్యే చోట ఉంది వాళ్ల గూడెం. సోడె వారింటి కవిత అక్కడే పుట్టింది. హాస్టల్లో ఉండి చదువుకునే రోజుల్లో ఆదివారాలు దమ్మపేట గ్రంథాలయానికి వచ్చేది. అప్పుడది నా చేతిలో ఉండేది. కథల పుస్తకాలు ఇస్తే మర్యాదగా తీసుకుపోయి, మరుసటి ఆదివారమే తెచ్చిచ్చేది.

"నచ్చలేదా అమ్మా?"

"నచ్చినయ్ సార్. కానీ ఇండ్ల ఏదీ ఎట్ల పనిచేస్తదో చెప్తలేరు."

ఆ తర్వాత ఆమెకు నేను కథలివ్వలేదు. పంపుల గురించి, ఇంజన్ల గురించి ఏది దొరికితే అది తెప్పించి ఇచ్చాను. వాటిలో సగం నాకే అర్థమయ్యేవి కావు. ఆమే వచ్చి చెప్పేది. అట్లా ముసలితనంలో నాకు కొత్త చదువు మొదలైంది.

ఆమె డిప్లొమా చదివేటప్పుడే గూడెం పక్క నుంచి గ్యాసు పైపు వేశారు. సముద్రం ఒడ్డున దొరికిన గ్యాసు మా అడవి అంచు మీదుగా పడమటికి పోవాలి. నడుములోతు మట్టి కింద ఉక్కు గొట్టం, పైన చెట్టూచేమా లేని బాట. పసుపుపచ్చ గుర్తురాళ్లు లేకపోతే అక్కడొక పైపు ఉందని ఎవరికీ తెలియదు. సెలవులకు వచ్చిన కవిత పొద్దంతా ఆ కందకం ఒడ్డునే నిలబడేది. వెల్డింగు చేసిన ప్రతి అతుకుకూ ఎక్స్‌రే తీస్తారని, ఎముకలో చీలిక చూసినట్టు చూస్తారని, నచ్చకపోతే కోసి మళ్లీ అతుకుతారని నాకు వచ్చి చెప్పింది. "మన చేతులకు కూడ అంత మంచిగ చూడరు సార్ దవాఖానల" అన్నది.

గొట్టం వేసినంత మాత్రాన గ్యాసు పోదు. దూరం పోయే కొద్దీ అది పైపు గోడలకు రాసుకుని రాసుకుని ఊపు పోగొట్టుకుంటుంది. కాలువ మొదట్లో ఉరికిన నీళ్లు చివరి మడికి చేరేసరికి నెమ్మదించినట్టు. అలసిన గ్యాసును మళ్లీ ఒత్తి ముందుకు తొయ్యాలి. అందుకు గూడేనికి కూతవేటు దూరంలో ఒక స్టేషను కట్టారు. అక్కడ తోసే పని గ్యాస్ టర్బైనుది. అది తన తిండికి పైపులోంచే చిటికెడు గ్యాసు తీసుకుంటుంది. దాన్ని కాల్చుకుని, ఆ బలంతో మిగిలిన గ్యాసునంతా తోస్తుంది. "బండి లాగే ఎద్దు అదే బండిలున్న గడ్డి రెండు పరకలు నమిలినట్టు సార్" అని చెప్పింది కవిత. పైపు లేకపోతే టర్బైనుకు తిండి లేదు. టర్బైను లేకపోతే పైపుకు నడక లేదు.

వేరే రాష్ట్రంలో టర్బైన్ల పని నేర్చుకుని, ఆ స్టేషన్లోనే టెక్నీషియనుగా చేరింది కవిత. కన్నెపిల్లగా తునికాకు కోసిన చోటే నీలం యూనిఫాం వేసుకుని, చెవులకు డప్పుల్లాంటి మూతలు పెట్టుకుని నడిచింది. పుల్లమ్మ సంతలో ఉప్పు కొనేటప్పుడు కూడా, అడిగినా అడగకున్నా, "నా బిడ్డ గాలి మిషను నడుపుతది" అని చెప్పేది.

ఆ గాలే తర్వాత ప్రాణం మీదికి తెచ్చింది.

టర్బైను ఎంత గాలి తాగుతుందో చూస్తేగాని నమ్మలేం. ఇనుప కాళ్ల మీద ఇంటికంటే ఎత్తున ఒక పెద్ద పెట్టె నిలబెట్టి ఉంటుంది. దాని నిండా మడతలు మడతలుగా కాగితం చుట్టిన ఫిల్టర్లు వరసలుగా ఉంటాయి. అడవి గాలి వాటిలో వడకట్టుకుని లోపలికి పోతుంది. లోపల తిరిగే రెక్కలు దాన్ని ఒత్తుతాయి. ఒత్తిన గాలిలో గ్యాసు మండుతుంది. మండిన వేడిగాలి బయటికి దూసుకుపోతూ వెనక రెక్కలను తిప్పుతుంది. ఆ తిప్పుడే పైపులోని గ్యాసును నెట్టే బలం. ఫిల్టర్లు పూడుకుపోతే మనిషికి ముక్కు మూసినట్టే. బయటి గాలి ఒత్తిడికీ లోపలి గాలి ఒత్తిడికీ తేడా పెరిగిపోతుంది. దాన్ని స్టేషన్లో డీపీ అంటారు. అది ఎర్ర గీత దాటితే, రెక్కలు పాడవకుండా మిషను తనంతట తానే ఆగిపోతుంది.

మామూలు దుమ్మయితే భయం లేదు. లోపలి వైపు నుంచి గాలి కొట్టి ఫిల్టర్లు తమను తామే దులుపుకుంటాయి. పొగమసి అట్లా కాదు. అది జిడ్డు. పట్టిందంటే వదలదు.

మా వైపు ఇప్పచెట్టు ఇంటి మనిషి కింద లెక్క. ఈ చెట్టు సోడె వాళ్లది, ఆ చెట్టు కారం వాళ్లది అని తాతల నుంచి పంపకం ఉంటుంది. అయితే పండుగ కాకముందు ఎవరి చెట్టయినా సరే, దాని కింద బుట్ట పెట్టడానికి లేదు. రాలిన పువ్వు రాలినచోటే ఉండాలి. గూడెం పటేలు దస్రు తొలి పూలు వేల్పుకు పెట్టి, "ఇంక పోండి" అన్నాకే అందరూ కదులుతారు. కదిలి మొదట చేసే పని, తమ చెట్టు కింద ఎండుటాకుకు నిప్పు పెట్టడం. నేల నున్నగా నల్లబడితే, తెల్లారి రాలిన పువ్వు ఏరేవాళ్ల కంటికి ముత్యంలా ఆనుతుంది.

పండుగ ఒక్కటే. అందుకని నిప్పు కూడా అందరిదీ ఒక్కసారే.

స్టేషను మొదలైన తొలి ఏడు ఆ సాయంత్రం అడవి వదిలిన పొగనంతా టర్బైను ఒక్క గుక్కలో పీల్చి ఆగిపోయింది. అప్పుడు కవిత తనే ముందుకొచ్చి, "మా ఊరోళ్లకు నేను చెప్త సార్" అన్నది. స్టేషను బాధ్యుడు ఖాలిద్. ఖమ్మంలో తాతల నాటి ఇనుప సామాన్ల దుకాణం ఉన్న కుటుంబం నుంచి ఇంజనీరయినవాడు. సరేనన్నాడు.

కవిత గూడేనికి పోయి, "సాయంత్రం గాలి ఉంటది, మంట ఉరుకుతది. పొద్దుగాల మంచు ఉంటది, గాలి ఉండదు. తెల్లారగట్ల కాల్చండి" అని చెప్పింది. అడవిలో పెరిగిన పిల్ల మంటకు భయపడి చెప్పిన మాట. అందరూ విన్నారు. రెండో ఏడు పండుగ మర్నాడు తెల్లారుజామున కాల్చారు. మంట ఎక్కడా ఉరకలేదు. కానీ చల్లటి గాలిలో పొగ పైకి లేవలేదు. చెట్ల కిందనే దుప్పటిలా పరుచుకుని, పల్లంలో ఉన్న స్టేషను మీదికి పాకింది. మిషను మళ్లీ ఆగింది. ఈసారి తొలి ఏటికంటే జల్దీగా ఆగింది.

ఆ రోజు పైపుకు దిగువనున్న పట్టణాల్లో పొయ్యిలు ఆరిపోలేదంటే పైపు పుణ్యమే. అంత పొడుగు గొట్టంలో ఒత్తి కూరిన గ్యాసు గుమ్మిలో ధాన్యం లాంటిది. తోసేవాడు ఆగినా కొంతసేపు తనే బయటికి వస్తుంది. ఆ కొంతసేపట్లో గూడెం కూలీలను పిలిపించి ఫిల్టర్లు మార్చారు. నల్లబడ్డ ఫిల్టర్లు మోసుకొచ్చిన మనుషులూ, ఆకు తగలబెట్టిన మనుషులూ ఒక్కరే.

పై ఆఫీసు ఊరుకోలేదు. స్టేషను పక్కనా, పైపుబాట వెంటా ఉన్న ఇప్పచెట్లన్నిటినీ కలిపి కంచె వెయ్యాలన్నారు. లోపలికి మనిషి పోకూడదు. గూడెంలో మంచి చెట్లన్నీ అక్కడే ఉన్నాయి. పుల్లమ్మ చెట్టయితే ఫిల్టరు పెట్టెకు ఎదురుగానే ఉంది. కంచెకు ఇనుప స్తంభాలు లారీలో వచ్చాయి. కొన్నిటిని పాతారు కూడా.

ఖాలిద్ ఫోన్లో పై ఆఫీసుతో చాలాసేపు మాట్లాడి బయటికి వచ్చాడు.

"కవితమ్మా, ఒక్క సీజను అడిగిన, ఇచ్చిండ్రు. వచ్చే ఇప్పపూల కాలంల పొగతోని ఒక్కసారి ఆగినా, తెల్లారి తీగ గుంజుతరు. ఆగకపోతే కంచె మాట ఉండదు."

"ఆగదు సార్."

"పోయినసారి కూడ గట్లనే అన్నవ్."

"అవ్ సార్. పోయినసారి మంట సంగతి చూసిన, పొగ సంగతి చూడలే. ఈసారి అసలు నిప్పే లేకుండ చేస్త."

"నిప్పు లేకుండనా? మీ అమ్మ ఊకుంటదా?"

 తీసేసిన ఫిల్టరొకటి కవిత అడిగి తీసుకుంది. పండుగకు ముందు గూడెం పంచాయితీకి కూర్చున్న రోజు దాన్ని సంచిలో పెట్టుకుని పోయింది. నన్నూ రమ్మన్నది. "మీరుంటే మా అవ్వ తిట్లు కొంచెం తక్కువ తిడ్తది సార్" అన్నది. అది నిజం కాలేదు.

గూడెం మధ్యలో దస్రు కూర్చున్నాడు. సన్నటి మనిషి, మాట తక్కువ. కవిత ఫిల్టరును ఆయన ముందు పెట్టింది. పీపాలా గుండ్రంగా, ఒకప్పుడు తెల్లగా ఉన్నది, ఇప్పుడు కుండ అడుగులా ఉంది.

"ఏందిది?" అన్నాడు దస్రు.

"మిషను ముక్కుకు కట్టే గుడ్డ తాతా. వాసన చూడు."

దస్రు చూశాడు. పక్కనున్న పుల్లమ్మకు ఇచ్చాడు. ఆమె ముక్కు దగ్గర పెట్టుకుని వెంటనే, "మన ఆకే" అన్నది. "ఇప్పాకు పొగ. దీంట్ల అబద్ధం లేదు."

"పొగ పైకి పోతది గద పిల్లా, పక్కకు ఎందుకొస్తది?" అన్నాడు దస్రు.

"పొద్దుగాల చలికి లేవదు తాతా. ముసలోడు దుప్పట్ల ముడుసుకున్నట్టు కింద కిందనే పండుకుంటది. నేను సమజ్ చేసుకోలే. తెల్లారగట్ల కాల్చమని చెప్పుడు నాదే తప్పు."

"మరిప్పుడు ఏం చెయ్యాల్నంటవ్?"

"ఊడుద్దాం."

ఆడవాళ్లలో గొల్లున లేచింది. అందరికంటే పెద్ద గొంతు పుల్లమ్మదే. "ఊడుస్తవా? ఎన్నడన్న ఊడ్చినవా నువ్వు? ఇయ్యాల ఊడిస్తే రేపటికి మళ్ల రాల్తది ఆకు. వంగి వంగి నడుం పోతది. మా అవ్వ కాల్చింది, వాళ్లవ్వ కాల్చింది. మధ్యల నీ మిషనొచ్చి వద్దంటదా? దాని ముక్కు అంత నాజూకైతే ముక్కుకి గుడ్డ కట్టు!"

"ఇదేనే అవ్వా ఆ గుడ్డ. నీ చేతిలున్నది."

పుల్లమ్మ చేతిలోని ఫిల్టరును చూసి, దాన్ని ఠక్కున కింద పెట్టింది. కొందరు ముసిముసిగా నవ్వారు. కానీ ఆమె తగ్గలేదు. "కంచె ఏస్తె ఏసుకోమను. చెట్టు మాది. ఎట్ల రానియ్యరో చూస్త."

"కంచె పడితే నేనే లోపలుంట. నువ్వు బయటుంటవ్" అన్నది కవిత.  "నిన్ను ఆపమని నాకే చెప్తరు. గప్పుడు నేనేం జెయ్యాలె? చెప్పు."

పుల్లమ్మ ఫిల్టరును దస్రు వైపు నెట్టింది.  కోడిపెట్ట ఒకటి మధ్యలోంచి నడిచిపోయింది.

దస్రు ఫిల్టరును అటూ ఇటూ తిప్పి చూసి, పుల్లమ్మతో వేరే మాట ఎత్తాడు. "కోడలా, మన ఇప్పచెట్లల్ల పిల్ల చెట్టు ఎక్కడుంది?"

"ఏం పిల్ల చెట్టు మామా?"

"అదే అడుగుతున్న. నేను పుట్టినప్పుడున్న చెట్లే ఇప్పుడున్నయ్. అన్నీ నాలెక్క ముసలియే. గింజ పడ్తది, మొలుస్తది. ఎండకాలం రాంగనే మనం కాలుస్తం. మొలక ఉంటదా? ఈ చెట్లు పడిపోయినంక మీ పిల్లల పిల్లలు ఏం ఏరుతరు? ఆకు ఏరుతరా?"

అది కవిత తెచ్చిన మాట కాదు. ఆమె అంతదూరం ఆలోచించలేదని నాతో తర్వాత చెప్పింది. ఫిల్టరు మసిని చూస్తుంటే ఆ ముసలాయనకు కనిపించింది వేరు. కాలిపోయిన మొలకలు కనిపించాయి. మిషను సంగతీ, చెట్టు సంగతీ ఒక్క మసి దగ్గర కలుసుకున్నాయి.

"పండుగనాడు చెప్త" అని లేచాడు దస్రు.

పండుగనాడు కవితకు సాయంత్రం డ్యూటీ. పోలేకపోయింది. తొలి పూలు వేల్పుకు పెట్టాక దస్రు ఎప్పటిలా "ఇంక పోండి" అనలేదు. "నిప్పు లేకుండ పోండి" అన్నాడు. అంతే. ఊరి ముందు వేల్పు పేరున పడిన మాట అది. అయినా ఆడవాళ్లంతా పుల్లమ్మ వైపే చూశారు. ఆమె చెట్టు స్టేషనుకు ఎదురుగా ఉంది. ఆమె అగ్గిపుల్ల గీస్తే మిగతావాళ్లూ గీస్తారు.

అక్కడ కంట్రోల్ రూంలో కవిత తెర మీద డీపీ అంకె వైపే చూస్తూ కూర్చుంది. ఖాలిద్ చాయ్ తెచ్చి పక్కన పెట్టాడు. చల్లారిపోయింది.

"తాగమ్మా. అంకెను అట్ల గుడ్లు మిటకరించి చూస్తే తగ్గుతదా?"

"మా అవ్వ సంగతి మీకు తెల్వదు సార్."

పొద్దు గూకింది. అంకె కదలలేదు.

డ్యూటీ దిగి కవిత ఉరికినట్టు పోయేసరికి, వెన్నెల్లో పుల్లమ్మ ఇంకా చెట్టు కిందనే ఉంది. పెద్ద చీపురుతో ఆకునంతా కుప్పచేసి గంపకెత్తుతోంది. చెట్టు కింద నేల అలికినట్టుంది.

"ఊడ్చినవా అవ్వా!"

"నీకోసం ఊడ్చిన్నా? పటేలు చెప్పిండు, ఊడ్చిన" అన్నది పుల్లమ్మ. "గంప పట్టు. మేకల దొడ్ల పొయ్యాలె. నడుం పోయింది నాది."

రోజూ ఊడ్చే బాధ తప్పించడానికి ఉపాయం కూడా పుల్లమ్మదే. పాత చీరలు రెండు మూడు కలిపి కుట్టి చెట్టు కింద పరిచింది. పువ్వు చీరలో పడుతుంది. పొద్దున కొంగులు పట్టి దులిపితే ఆకు వేరు, పువ్వు వేరు. మూడు రోజుల్లో అడవిలో చెట్టుకొక చీరయింది. ఎరుపు, పచ్చ, ఊదా. పైపుబాట మీద చెట్లు ఉండవు కనక ఎండ బాగా తగులుతుంది. పూలన్నీ అక్కడే ఎండబోశారు. కింద గ్యాసు, పైన ఇప్పపువ్వు. ఆ బాట పొడవునా తియ్యటి వాసన.

ఇట్లా ఉండగా ఒక మధ్యాహ్నం రోడ్డున పోయేవాడెవడో బీడీ పారేశాడు.

ఎండిన గడ్డి అంటుకుంది. పడమటి గాలి మంటను గూడెం చెట్ల వైపు, వాటి వెనకున్న స్టేషను వైపు తోసింది. ముందు పొగ వచ్చింది. కంట్రోల్ రూంలో అంకె మెల్లగా పైకి పాకడం మొదలుపెట్టింది. కవిత కిటికీలోంచి చూసింది. పొగ ఫిల్టరు పెట్టె మీదికే వస్తోంది.

ఖాలిద్ ఉరికొచ్చాడు. "కవితా, మంట మన గోడ దాక వస్తే నేనే బంద్ చేస్త. గప్పుడు మాట్లాడేది లేదు."

"సరే సార్. అప్పటిదాక స్పీడు తగ్గిద్దాం. ఎంత తక్కువ తిరిగితే గంత తక్కువ గాలి తాగుతది. గాలి తక్కువ తాగితే పొగా తక్కువే."

"కింద ప్రెషర్ పడిపోదా?"

"పైపు నిండుగ ఉన్నది గద సార్. పొద్దుటి సంది కూరినం."

ఆ సీజను మొదలవకముందే వాళ్లిద్దరూ కూర్చుని వేసుకున్న లెక్క అది. పొగ భయం ఉన్న నెలలో పైపును ఎప్పుడూ నిండుగా ఉంచాలని, దూరంలో ఉన్న పెద్ద కంట్రోల్ రూంతో మాట్లాడి ఒప్పించినవాడు ఖాలిదే. ఇప్పుడాయన ఫోనెత్తి, "కొంతసేపు మా మిషను మెల్లగ నడుస్తది. పైపులున్నది వాడుకోండి" అని చెప్పాడు. కవిత వేగం తగ్గించింది. మిషను అరుపు ఒక మెట్టు దిగింది. అంకె పాకడం నిదానించింది గానీ ఆగలేదు. ఎర్ర గీతకు దగ్గరవుతూనే ఉంది.

బయట ఆ అరుపు దిగడం పుల్లమ్మ విన్నది. ఆమె చెవికి ఆ చప్పుడు అలవాటు. "మిషను మూలుగుతున్నది! చీరలు తియ్యుండ్రి, కొమ్మలు విరవండ్రి!" అని కేకేసింది. ఆడవాళ్లంతా చీరలు చుట్టి పక్కన పారేశారు. పచ్చికొమ్మలు విరిచి మంట ముందు వరసగా నిలబడ్డారు. మంట గడ్డిలో ఉరికొచ్చింది. ఇప్పచెట్ల దాకా వచ్చింది. అక్కడ దానికి తినడానికి ఏమీ లేదు. ఊడ్చిన నేల. తొలి చెట్టు కింద అది నాలుక చాచి వెనక్కి తీసుకుంది. పక్కనుంచి పోబోతే ఆడవాళ్లు కొమ్మలతో బాదారు. దస్రు కూడా ఓ కొమ్మ పట్టుకుని, దగ్గుకుంటూ, "అటు, అటు! ఆ పొద వదలకు!" అని అరుస్తూనే ఉన్నాడు.

మంట పుల్లమ్మ చెట్టు దాకా రాలేదు.

పొగ పలచబడింది. లోపల అంకె ఎర్ర గీతకు కిందనే ఆగి, చాలాసేపు అక్కడే నిలబడి, ఫిల్టర్లు పొడి బూడిదను దులుపుకున్న కొద్దీ దిగడం మొదలుపెట్టింది. ఖాలిద్ కుర్చీలో కూలబడి, "యా అల్లా" అన్నాడు. కవిత వేగం పెంచింది. మిషను మళ్లీ తన గొంతు తాను ఎత్తుకుంది. కింది ఊళ్లలో ఎవరి పొయ్యి మీదా పాలు పొంగడం ఆలస్యం కాలేదు. ఎవరికీ ఏమీ తెలియలేదు. మంచి పని అంటే ఇదేనని నాకనిపిస్తుంది. జరిగినట్టు ఎవరికీ తెలియకపోవడం. తెలియాల్సినవాళ్లకు మాత్రం తెలుస్తుంది.

ఈ సంగతి నాకు నలుగురు చెప్పారు. ఖాలిద్ చెబితే అది పైపు గొప్పతనం. కవిత చెబితే ఊడ్చిన నేల గొప్పతనం. దస్రు చెబితే వేల్పు మాట గొప్పతనం. ఎవరూ తమ పేరు చెప్పుకోలేదు, ఒక్క పుల్లమ్మ తప్ప. పుల్లమ్మ కథలో మంటను ఆర్పింది పుల్లమ్మే. నాకు నాలుగోసారి కూడా చెప్పింది.

సీజను అయిపోయాక పై ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చి ఫిల్టరు పెట్టె తెరిపించి చూశారు. ఒకటి రెండు వరసలు మసకబారి ఉన్నాయి. మిగిలినవన్నీ మామూలు దుమ్ము రంగే. సీజను పొడుగునా మిషను పొగతో ఒక్కసారి కూడా ఆగలేదని రాసుకున్నారు. వచ్చిన పెద్దాయన, "ఈ చెట్ల కింద ఊడ్చేది మీ స్టాఫా?" అని అడిగాడట.

"మా అమ్మ సార్" అని చెప్పింది కవిత.

కంచె మాట అక్కడితో పోయింది. పాతిన స్తంభాలను పీకే పని మాత్రం ఎవరూ పెట్టుకోలేదు. ఈ ఏడు ఇప్పపూల కాలంలో నేను చూడబోతే, ఆ స్తంభాలకు చీరల కొంగులు కట్టి ఉన్నాయి. నేల మీద పరిస్తే పందులు తొక్కుతున్నాయని, మనిషి నడుమెత్తులో ఉయ్యాలలా కట్టారు. పుల్లమ్మకు వంగే పని తప్పింది. కట్టిన చీరల కింద, ఊడ్చిన మట్టిలో, వేలెడంత ఇప్ప మొలకలు అక్కడక్కడా ఉన్నాయి. దస్రు వాటి చుట్టూ ముళ్లకంప పెట్టి, మేకల్ని తిట్టుకుంటూ తిరుగుతున్నాడు.

చెట్ల వెనక నుంచి మిషను చప్పుడు ఒకే తీరుగా వస్తోంది. పుల్లమ్మ ఊదారంగు చీర కొంగు పట్టి పూలు దులుపుతోంది.

"మీ కవిత మిషను ఈసారి కూడా ఆగలేదంటగా పుల్లమ్మా?" అని పలకరించాను.

ఆమె చేతిలో పని ఆపలేదు.

"ఆగనిస్తనా సారు?" అన్నది.